పోర్ట్‌ఫోలియో సైట్‌లో ఎన్ని పనులు పెట్టాలి, ఎలా చూపించాలి: కడప ఏజెన్సీ మిత్రుల ప్రశ్నకు నా సమాధానం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. కడపలో ఇద్దరు కలిసి చిన్న డిజైన్ ఏజెన్సీ నడుపుతున్నారు. లోగోలు, ప్యాకేజింగ్, షాపు బోర్డులు, సోషల్ మీడియా పోస్టర్లు చేస్తారు. ఇప్పటిదాకా ఇన్‌స్టాగ్రామ్ పేజీతోనే నెట్టుకొచ్చారు. ఇప్పుడు బెంగళూరు, హైదరాబాద్ వాళ్లు "మీ వెబ్‌సైట్ లింకు పంపండి" అంటున్నారు. చేసిన పనులు వందకు పైనే ఉన్నాయి, అన్నీ పెట్టాలా? యానిమేషన్లు లేకపోతే సైట్ పాతగా కనబడుతుందా? డొమైన్ (సైట్ చిరునామా) ఏ పేరుతో తీసుకోవాలి?

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆరు నుంచి ఎనిమిది పనులు చాలు. ఒక్కో పనికి ఒక్కో పేజీ ఇచ్చి, ఆ పని ఎందుకొచ్చింది, మీరు ఏ నిర్ణయాలు తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, చివరికి బయట అది ఎలా కనబడుతోంది అన్నది రాయండి. సైట్ తెరవగానే మీరు ఏం చేస్తారో, ఎవరికి చేస్తారో, ఎక్కడ ఉంటారో ఒక్క వాక్యంలో తెలియాలి. మామూలు ఫోన్‌లో కూడా వెంటనే తెరుచుకోవాలి. ఏ పేజీలో ఉన్నా మిమ్మల్ని పలకరించే దారి కళ్లెదుట ఉండాలి. యానిమేషన్లు లేనందువల్ల మీకు వచ్చే నష్టం ఏమీ లేదు.

నేను అనంతపురంలో చాలాకాలంగా బ్రాండింగ్, ప్యాకేజింగ్ పని చేస్తున్నాను. మా దగ్గర ఉద్యోగానికి వచ్చే పిల్లల పోర్ట్‌ఫోలియోలు, అంటే చేసిన పనులు ఎంచి చూపించేవి, చూస్తాను. తెలిసిన వ్యాపారులు కొందరు వీడియోలకో, యాప్‌కో వేరే ఏజెన్సీని వెతుక్కునేటప్పుడు ఫోన్ నా చేతికిచ్చి "వీళ్లెలా ఉన్నారో చూడు" అంటారు. అలా సైట్ చూసే మనిషి పక్కన కూర్చుని, ఎక్కడ ఆగుతున్నాడో ఎక్కడ మూసేస్తున్నాడో గమనించే అవకాశం దొరికింది. కింద రాసేదంతా అందులోంచి వచ్చిందే.

వంద పనులు పెడితే చూసేవారికి మీ అనుభవం కనబడుతుందని అనుకుంటారు. అలా జరగదు. ఆయన మూడో నాలుగో తెరిచి చూస్తాడు, అవి ఏవి పడతాయో మీ చేతిలో ఉండదు. వాటిలో ఒకటి తొందరలో చేసిన పోస్టర్ అయితే మీ స్థాయి అదేనని నమ్ముతాడు. ధర్మవరంలో పని తెలిసిన చీరల వ్యాపారి బీరువా మొత్తం కింద పడేయడు. పెళ్లికా, పెట్టుబడికా, ఎంతలో కావాలో విని నాలుగు చీరలు పరుస్తాడు. ఆ నాలుగు ఎంచడంలోనే ఆయన పనితనం తెలిసిపోతుంది. డిజైనర్‌కు కూడా అంతే. ఏది పక్కన పెట్టాలో తెలిసినవాడే డిజైనర్ అని క్లయింట్ మాటల్లో చెప్పలేకపోయినా, చూడగానే పసిగడతాడు.

ఏవి ఎంచుకోవాలి? మీకు ఎక్కువ పేరు తెచ్చినవి అని నేను చెప్పను. ఇక ముందు ఏ పని రావాలని కోరుకుంటున్నారో ఆ రకానివి పెట్టండి. నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు, పండగ శుభాకాంక్షల పోస్టర్లు మన ఊళ్లలో రోజూ ఉండే పని. వాటితో అద్దె, కరెంటు బిల్లు గడుస్తాయి, అది గౌరవంగా చేసే పనే. కానీ సైట్‌లో అవి పెడితే ఫోన్లు కూడా వాటికే వస్తాయి. మీకు ప్యాకేజింగ్ పెరగాలంటే ఎనిమిదిలో ఐదు ప్యాకేజింగ్ పనులే ఉండనివ్వండి. సరిపడా లేకపోతే నాలుగే పెట్టండి. మీరే అనుకుని చేసిన ఊహా ప్రాజెక్టు ఒకటి కలిపినా ఫర్వాలేదు, కానీ అది క్లయింట్ పని కాదని పేజీ మొదట్లోనే రాయండి. పెద్ద కంపెనీ లోగోను సరదాగా మళ్లీ గీసి, వాళ్లే చేయించుకున్నట్టు పెట్టే సైట్లు చూశాను. ఒక్క ఫోన్ కాల్‌తో నిజం తెలిసిపోతుంది, ఆ తర్వాత మిగతా నిజమైన పనులను కూడా ఎవరూ నమ్మరు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, పని పేజీ. మనవాళ్లు ఎక్కువమంది ఇక్కడ లోగో పెట్టి, కింద విజిటింగ్ కార్డు మాకప్ (రెడీమేడ్ ఫోటోలో డిజైన్ అతికించిన నమూనా బొమ్మ), టీషర్ట్ మాకప్, గోడ మీద బోర్డు మాకప్ పెట్టి ముగించేస్తారు. చూడటానికి బాగుంటుంది. కానీ ఆ మాకప్‌లు అందరి సైట్లలోనూ అవే. అదే చెక్క బల్ల, అదే కాఫీ కప్పు. చూసేవారికి మీ గురించి కొత్తగా తెలిసేది ఏమీ లేదు.

మా సైట్‌లో ఎక్కువ ఫోన్లు తెచ్చిన పేజీ ఒక బియ్యం సంచిది. కర్నూలు వైపు ఒక సోనా మసూరి మిల్లు. 2022 జూలై 18 నుంచి 25 కిలోలు, అంతకు తక్కువ బరువుతో ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యంపై 5 శాతం జీఎస్టీ వచ్చాక చాలా మిల్లులు 26 కిలోల సంచులకు మారాయి. ఎలాగూ సంచి కొత్తగా అచ్చు వేయించాలి కదా, డిజైన్ కూడా మారుద్దామని ఆ యజమాని వచ్చారు. మేము ముందు కిరాణా, బియ్యం దుకాణాలకు వెళ్లి చూశాం. సంచులను నిలబెట్టరు, పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. ముందువైపు ఎంత అందంగా వేసినా కొనేవారికి కనబడేది పక్క మడతే. అందుకని రకం పేరు, బరువు, బ్రాండు గుర్తు ఆ పక్క మడత మీద పెద్దగా వేశాం. రంగులు నాలుగుకు కుదించాం. గ్రేవ్యూర్ ముద్రణలో ప్రతి రంగుకీ ఒక సిలిండర్ చేయించాలి, ఆ ఖర్చు మిల్లు మీదే పడుతుంది.

ఆ పేజీలో ఇంతే రాశాం, ఇంత మామూలు మాటల్లోనే. ఫోటోలు మూడు: పాత సంచులు పేర్చి ఉన్న దుకాణం, కొత్త సంచులు పేర్చి ఉన్న అదే దుకాణం, పక్క మడత దగ్గరగా. స్టూడియో లైట్లు లేవు, ఫోన్‌తో పగటి వెలుతురులో తీసినవి. అది చూసి ఒక పచ్చళ్ల తయారీదారు ఫోన్ చేశారు. లోగోకి ఎంత తీసుకుంటారని అడగలేదు, "మా సీసాలు షాపు అరలో ఎలా కనబడుతున్నాయో ఒకసారి వచ్చి చూస్తారా?" అని అడిగారు. పోర్ట్‌ఫోలియో చేయాల్సింది ఇదే. చూసినవారు తమ సమస్యను మీ పేజీలో గుర్తుపట్టాలి.

మీ పనుల్లో కూడా ఇలాంటివి తప్పకుండా ఉంటాయి. ప్రొద్దుటూరులో ఒక నగల షాపు బోర్డు చేశారనుకోండి. రాత్రి లైట్లలో పక్క షాపుల మధ్య ఏ రంగు నిలబడింది, అక్షరం ఎంత ఎత్తుంటే రోడ్డు అవతలి నుంచి చదవగలిగారు? తాడిపత్రి, బేతంచెర్ల వైపు రాతి వ్యాపారికి క్యాటలాగ్ చేశారనుకోండి. రాయి అసలు రంగు కాగితం మీద రావడానికి ఎన్నిసార్లు ప్రూఫ్ (అచ్చుకు ముందు తీసే నమూనా) తీశారు? ఇవి మీకు రోజూ ఉండే తంటాలు కాబట్టి గొప్పగా అనిపించవు. డబ్బులు పెట్టేవారికి మీ మీద నమ్మకం కలిగించేవి అవే.

ఫలితం గురించి ఒక మాట. "అమ్మకాలు మూడు రెట్లు పెరిగాయి" అని రాసే అలవాటు పెరిగింది. లెక్క మీ చేతిలో లేకపోతే రాయకండి. అమ్మకాలు పెరగడానికి పంట, ధర, డీలరు, వర్షం అన్నీ కారణాలే. మీకు కచ్చితంగా తెలిసిందే చెప్పండి: అదే డిజైన్‌ను రెండో రకానికి కూడా తీసుకున్నారు, మరుసటి ఏడు కూడా అదే ముద్ర వేయించారు. అది చిన్నదిగా కనబడినా గట్టి సాక్ష్యం.

ఎవరు ఏం చేశారో తప్పక రాయండి. ఫోటోలు ఎవరివి, బొమ్మలు ఎవరు గీశారు, మాటలు ఎవరు రాశారు, అన్నీ. మీలో ఎవరైనా ఇంతకుముందు వేరే ఏజెన్సీలో జీతానికి పనిచేసి ఉంటే, అక్కడ చేసినవి పెట్టే ముందు వాళ్లను అడగండి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి మొదటి హక్కుదారు యజమానే. హక్కులు ఇంకొకరికి బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని 19వ సెక్షన్ చెబుతుంది. అందుకే మేము ప్రతి కొటేషన్‌లో ఒక వాక్యం కలుపుతాం: పని పూర్తై మార్కెట్లోకి వచ్చాక మా పోర్ట్‌ఫోలియోలో చూపించుకోవడానికి అనుమతి ఉంటుంది అని. మొదట్లోనే అడిగితే ఎవరూ కాదనరు. ఆర్నెల్ల తర్వాత అడిగితే అనుమానంగా చూస్తారు.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఉద్యోగం వెతుక్కునే డిజైనర్ సైట్, ఏజెన్సీ సైట్ ఒకటి కాదు. ఉద్యోగం ఇచ్చేవాడు ఆలోచన ఎలా సాగిందో చూస్తాడు. చిత్తు గీతలు, పక్కన పెట్టేసిన ఆప్షన్లు, "ఇందులో నా పాత్ర ఇంతవరకే" అన్న నిజాయితీ, ఇవి నాకు కూడా నచ్చుతాయి. వ్యాపారికి అంత ఓపిక ఉండదు. ఆయనకు కావలసింది వేరు: నాలాంటి వ్యాపారానికి చేశారా, చెప్పిన రోజుకి ఇస్తారా, ప్రింటర్ దగ్గర తేడా వస్తే ఫోన్ ఎత్తుతారా. కాబట్టి మీ పేజీల్లో చిత్తు గీతలు ఒకటి రెండు చాలు. పని ఎన్ని దశల్లో జరుగుతుంది, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, ప్రింటింగ్ మీరు చూసుకుంటారా లేదా అన్నది విడిగా ఒక చిన్న పేజీలో పెట్టండి. మీ ఇద్దరి ఫోటోలు, పేర్లు కూడా పెట్టండి. ఇద్దరే ఉన్నప్పుడు "మా విస్తృత బృందం" అని రాయనక్కర్లేదు. ఇద్దరే అంటే ప్రతి పని మీ చేతుల మీదుగానే వెళ్తుందని అర్థం, చాలామందికి కావలసింది అదే.

మొదటి వాక్యం గురించి. "మీ కలలకు రంగులద్దుతాం", "వినూత్న పరిష్కారాలు అందిస్తాం" లాంటివి ఎవరి సైట్‌లో పెట్టినా సరిపోతాయి. "కడప నుంచి ఆహార, వస్త్ర వ్యాపారాలకు ప్యాకేజింగ్, బ్రాండింగ్ చేస్తాం" అంటే చదివినవారికి వెంటనే పని తేలిపోతుంది. చాలామంది ఊరి పేరు దాచి, బెంగళూరు అడ్రస్ ఒకటి సంపాదించి పెడతారు. నా అభిప్రాయంలో అది మీ బలాన్ని మీరే వదులుకోవడం. బెంగళూరు కంపెనీకి తెలుగు జిల్లాల్లో సరుకు అమ్మాలంటే, ఇక్కడి కిరాణా కొట్టు తెలిసినవారు, తెలుగు అక్షరం తెలిసినవారు కావాలి. వాళ్ల ఊళ్లో వంద ఏజెన్సీలున్నా ఇది దొరకడం కష్టం. కడప అని పెద్దగా రాయండి.

తెలుగు అక్షరాన్ని మీ సైటే చూపించాలి. మన డీటీపీ పనుల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ అను ఫాంట్లలోనే ఉంది. ఆ ఫైల్‌లోని మాటలను నేరుగా వెబ్‌లోకి కాపీ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, ఎందుకంటే అవి యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షర సంకేతాలు) కావు. యూనికోడ్‌లోకి మార్చుకుని, ఒక్కసారి పూర్తిగా చదివి, వత్తులు సరిచూసుకోండి. కన్వర్టర్లు అక్కడక్కడా తప్పు చేస్తాయి. కొందరు ఈ గొడవెందుకని మాటలన్నీ బొమ్మగా పెట్టేస్తారు. అప్పుడు గూగుల్‌లో దొరకవు, చూపు లేనివారి ఫోన్ చదివి వినిపించలేదు, చిన్న తెర మీద కనబడవు.

గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సూరన్న, ఎన్టీఆర్, హింద్ గుంటూరు, అనెక్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు లాంటివి ఉచితంగా ఉన్నాయి. చదివే పాఠానికి మండలి, నోటో, అనెక్ లాంటివి బాగుంటాయి. రామభద్ర శీర్షికలకే. ఇంగ్లీష్‌కి పెట్టుకున్న లైన్ హైట్ (ఒక్కో వరుసకు ఇచ్చే ఎత్తు) తెలుగుకి సరిపోదు. కింద వత్తులు, పైన గుడులు ఒకదానికొకటి తగులుతాయి. నేను అక్షరం సైజుకి 1.7 రెట్ల దగ్గర మొదలుపెట్టి ఫాంటును బట్టి అటూ ఇటూ జరుపుతాను. ఇంగ్లీష్ టెంప్లేట్‌లో శీర్షికలకు అక్షరాల మధ్య ఖాళీ పెంచి ఉంటే తెలుగు పేజీలో దాన్ని సున్నా చేయండి. తెలుగు ఫాంట్ ఫైళ్లు బరువు ఎక్కువ కాబట్టి రెండు మందాలకు (మామూలు, బోల్డ్ లాంటివి) మించి వాడకండి. బెంగళూరు వారి కోసం ఇంగ్లీష్ పేజీలు, జిల్లా వ్యాపారుల కోసం తెలుగు పేజీలు రెండూ ఉంచండి. మెషీన్ అనువాదం మాత్రం పెట్టకండి. ప్యాకేజింగ్ మీద తెలుగు రాసిస్తామని చెప్పే ఏజెన్సీ సైట్‌లోనే తెలుగు తేడాగా ఉంటే ఇంకేం నమ్ముతారు?

యానిమేషన్ల సంగతి. లోగో గిరగిరా తిరిగి, సున్నా నుంచి వంద దాకా అంకెలు పెరిగి, అప్పుడు తెరుచుకునే సైట్ల మీద మన డిజైనర్లకు మోజు. మీ లింకు వాట్సాప్‌లో వెళ్తుంది, హైవే మీద బస్సులోనో, గోడౌన్‌లోనో సిగ్నల్ ఊగిసలాడే చోట తెరుస్తారు. ఆ అంకెలు వంద చేరేలోపు వెనక్కి వెళ్లిపోతారు. వేలితో జరిపితే పేజీ తనకిష్టమొచ్చినట్టు జారడం ఇంకా చిరాకు. బటన్ నొక్కినప్పుడు చిన్న స్పందన, బొమ్మ మెల్లగా తేలడం వంటివి సరిపోతాయి. ఫోన్ సెట్టింగుల్లో కదలికలు తగ్గించుకున్నవారికి అవి కూడా ఆగిపోయేలా డెవలపర్‌తో చేయించండి. కొందరికి ఆ కదలికలతో నిజంగా తల తిరుగుతుంది.

వేగానికి గూగుల్ పెట్టిన కొలతలు ఉన్నాయి: పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలి, నొక్కిన దానికి స్పందన 200 మిల్లీసెకన్లలోపు రావాలి, తెరుచుకునేటప్పుడు పేజీ అమరిక ఎంత ఎగురుతుందో కొలిచే స్కోరు 0.1 దాటకూడదు. గూగుల్ వారి పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ సైట్‌లో మీ లింకు పెడితే ఉచితంగా చూపిస్తుంది. డిజైనర్ల సైట్లలో ఇది చెడిపోయేది దాదాపు ఎప్పుడూ ఫోటోల వల్లే. కెమెరా నుంచి వచ్చిన పెద్ద ఫైలు నేరుగా ఎక్కించేస్తారు. వెడల్పు 1600 పిక్సెళ్ల దగ్గరికి తగ్గించి, వెబ్‌పి లేదా ఏవిఫ్ రూపంలో సేవ్ చేస్తే చాలా ఫోటోలు 300 కేబీ లోపే వస్తాయి, కంటికి తేడా తెలియదు.

లేత బూడిద రంగు అక్షరాలు తెల్ల నేపథ్యం మీద ఫ్యాషన్‌గా ఉంటాయి. ఏప్రిల్ ఎండలో మన ఊరి రోడ్డు మీద నిలబడి ఆ పేజీ తెరవండి, ఏమీ కనబడదు. మామూలు పాఠానికి కాంట్రాస్ట్ (అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా) కనీసం 4.5:1 ఉండాలని వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాలు చెబుతాయి. నిష్పత్తి చూపించే ఉచిత సాధనాలు బోలెడు, రంగులు ఖాయం చేసే ముందు ఒకసారి చూసుకోండి.

సంప్రదింపు. పది గడుల ఫారం పెట్టకండి. ఫోన్ నంబర్ నొక్కితే కాల్ వెళ్లాలి, పక్కనే వాట్సాప్ బటన్, సొంత డొమైన్ మీద ఒక మెయిల్, ఊరు పేరు. ఫారం ఉండాలనుకుంటే పేరు, నంబర్, ఏం కావాలి అన్న మూడు గడులు చాలు. లింకు వాట్సాప్‌లో పంపినప్పుడు కింద కనబడే చిన్న బొమ్మ కూడా మీ పోర్ట్‌ఫోలియోలో భాగమే. దానికి 1200×630 కొలతలో ప్రతి పేజీకి విడిగా ఒక బొమ్మ చేయండి. చాలా ఏజెన్సీల లింకు పంపితే అక్కడ ఖాళీ డబ్బా వస్తుంది. నలుగురి లింకులు వరుసగా వచ్చిన చాట్‌లో వ్యాపారి వేలు ముందు బొమ్మ ఉన్నదాని మీదికే వెళ్తుంది.

ధరలు పెట్టాలా అన్నది మీరు అడగలేదు, కానీ తర్వాత తప్పక వచ్చే ప్రశ్న. మొత్తం ధరల పట్టిక అక్కర్లేదు. "ప్యాకేజింగ్ పనులు ఇంత నుంచి మొదలు" అని ఒక్క అంకె పెట్టండి. మేము పెట్టాక వచ్చే ఫోన్లు తగ్గాయి, కుదిరే పనులు తగ్గలేదు.

దేనిలో కట్టాలన్నదానికి ఎక్కువ సమయం పెట్టకండి. ఫ్రేమర్, వెబ్‌ఫ్లో, వర్డ్‌ప్రెస్ లాంటి సైట్ కట్టే సాధనాల్లో ఏదైనా సరే. మీలో ఎవరైనా అడోబీ క్రియేటివ్ క్లౌడ్‌కు డబ్బు కడుతుంటే అడోబీ పోర్ట్‌ఫోలియో అనే సైట్ కట్టే సాధనం అందులోనే వస్తుంది, మొదలుపెట్టడానికి అది కూడా చాలు. టెంప్లేట్‌లో మిగిలిపోయిన నమూనా మాటలు, ఎవరివో ఫోటోలు అన్నీ తీసేశారా అని మాత్రం ప్రతి పేజీ చూసుకోండి. ఇన్‌స్టాగ్రామ్, బిహాన్స్ (డిజైనర్లు తమ పనులు పెట్టుకునే సైట్) మూసేయకండి, అక్కడ కొత్త పనులు పెడుతూ లోతుగా చదవాలనుకున్నవారిని సైట్‌కు పంపండి. ఇన్‌స్టాగ్రామ్ ఒక్కటే ఉంటే ఖాతా లేనివారికి కాస్త కిందికి జరపగానే లాగిన్ అడుగుతుంది. పెద్ద కంపెనీ మేనేజర్ ఆఫీసు కంప్యూటర్‌లో అక్కడే ఆగిపోతాడు.

ఇక డొమైన్. ఫోన్‌లో ఒక్కసారి చెబితే అవతలివారు తప్పు లేకుండా టైప్ చేయగలగాలి. తెలుగు పేరు పెడితే ఇంగ్లీష్ స్పెల్లింగ్ దగ్గర చిక్కు వస్తుంది. "సృజన" అంటే ఒకరు రు అని, ఒకరు రి అని కొడతారు. అలాంటి పేరే కావాలంటే రెండు స్పెల్లింగులూ కొని రెండోదాన్ని మొదటిదానికి మళ్లించండి. డాట్ కామ్ దొరక్కపోతే డాట్ ఇన్ తీసుకోండి, మన దేశంలో పనిచేసే ఏజెన్సీకి అది ఏమాత్రం తక్కువ కాదు. అన్నిటికన్నా ముఖ్యం, డొమైన్ ఖాతా మీ ఇద్దరిలో ఒకరి పేరు మీద, మీ మెయిల్‌తో, మీ కార్డుతో ఉండాలి. సైట్ కట్టిచ్చే కుర్రాడి పేరు మీద కాదు. మా క్లయింట్ ఒకరికి డెవలపర్ ఊరు మారి, నంబర్ మారాక డొమైన్ గడువు ముగిసింది. సైట్‌తో పాటు ఆ డొమైన్ మీద నడిచే మెయిల్ కూడా ఆగిపోయి, ఆర్డర్లు వచ్చే దారి మూసుకుపోయింది. ఆటో రెన్యువల్ పెట్టుకుని, పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరా ఉంచుకోండి. రేపు మీరు ఎవరికైనా సైట్ చేసిపెట్టినా ఖాతా వాళ్ల పేరు మీదే తెరిపించండి.